మూడో టికెట్టు

యుద్ధం ముగిసింది. రంగూన్ ఓడలు మళ్ళీ నడుస్తున్నాయని వినగానే మా వీధిలో కదలిక మొదలైంది. నూలు దొరక్క సగం మగ్గాలు మూలపడి ఉన్నాయి. మొన్న ఒక సాయంత్రం పక్క వీధి నేతగాడొకడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఇద్దరూ బర్మా పోతున్నారట.

"నువ్వు పోయొచ్చినోనివి గదా మామా. ఆ ఊర్లో తక్కువ దుడ్లతో ఎట్ల నెట్టుకు రావాల్నో రెండు మాటలు చెప్పు" అన్నాడు.

నేను సభల్లో మాట్లాడటం అలవాటైనవాణ్ణి. విధవా వివాహం మీద, జాతకాల మీద, దయ్యాల మీద ఎదుటివాళ్ళు అలిసిపోయేదాకా వాదించినవాణ్ణి. అయినా అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రంగూన్ అనగానే నాకు ఇప్పటికీ ముందు గుర్తుకొచ్చేది పొదుపు కాదు, భయం. రేవులో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక చెక్క తలుపు, ఆ తలుపు వెనక మా అక్క. ఆ సంగతి చెప్పకుండా పొదుపు సంగతి చెప్పడం నాకు చేతకాదు. అతనికి ఆ రోజు తడబడుతూ చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

బర్మాను మన దేశం నుంచి వేరు చేసిన కొత్త రోజులవి. మా వైపు వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. జొన్న పండని రైతు చీర కొనడు. చీర అమ్ముడుపోని నేతగాడు మగ్గం గుంటలో దిగడు. మా బావ, అంటే మా అక్క మొగుడు, ఊరికే కూర్చోలేక రంగూన్ పోయి ఒక బియ్యం మిల్లులో కూలికి కుదిరాడు. కొంత కాలం క్రమంగా డబ్బు పంపాడు. తర్వాత ఆగిపోయింది. మా ఊరివాడే ఒకడు అక్కడి నుంచి తిరిగివచ్చి, "మీ బావకు కాళ్ళు వాచినాయి. పెద్దాసుపత్రిలో పండుకోనుండాడు. ఒక్కడే ఓడెక్కి వచ్చే మాదిరి లేడు" అని చెప్పాడు.

నేను అప్పటికి కడపలో బడిపంతులుగా కొత్తగా చేరాను. పోయి తీసుకొస్తానన్నాను. అక్క తానూ వస్తానంది. ఎవరు వద్దన్నా వినలేదు. "ఆ మనిషి నీ మాట ఇంటాడా? నేను పోతేనే కదిలేది" అని కూతుర్ని మా అమ్మకు అప్పజెప్పింది.

అక్క గొలుసు అమ్మాం. వచ్చిన డబ్బుతో పోవడానికి ఇద్దరికి, రావడానికి ముగ్గురికి ఓడ డెక్కు మీద చోటు దొరుకుతుంది. ఆ పైన మిగిలేది రంగూన్‌లో అర్ధాకలితో గడపడానికి సరిపోతే గొప్ప. కాబట్టి పొదుపు మాకు ముచ్చట కాదు. మూడో టికెట్టు డబ్బు ఖర్చయిపోతే బావ అక్కడే ఉండిపోతాడు. అక్క ఆ డబ్బును విడిగా నా బనీను లోపలి జేబులో పెట్టి, గంజి పట్టించిన నూలుపోగుతో జేబు మూతిని గట్టిగా కుట్టేసింది.

"ఇవి దుడ్లు కాదు, మీ బావ. ఈ కుట్టు విప్పితే ఆ మనిషిని అమ్ముకున్నట్లే" అంది.

బయల్దేరే ముందు, కడప దర్గా దగ్గర అత్తరు అమ్మే ముసలి సాయిబు ఇంటికి పోయాం. వయసులో ఉండగా ఆయన చాలాసార్లు రంగూన్ పోయివచ్చాడు. మాకు తెలిసినవాళ్ళలో పరదేశం చూసినవాడు ఆయనే.

"రంగూన్‌లో దుడ్లు యాడ ఖర్చయితాయో తెలుసునా బేటా?" అన్నాడు. "కడుపు కాడ కాదు. సిగ్గు కాడ, కులం కాడ. రేవు దిగుతానే రిక్షా ఎక్కొద్దు. ట్రాము పట్టాలు పట్టుకోని నడ్సండి, ఊరంతా తిప్పి సూపిస్తాది. నలుగురూ తినే కాడ తినండి. మడి కట్టుకోని వండుకుంటామంటే కట్టెలు కొనల్ల, కుండ కొనల్ల, పొయ్యి పెట్టేకి చోటుకు బాడుగియ్యల్ల. మీ మడికి ఇంగో మనిషి టికెట్టు అయితాది."

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే తర్వాత పది సభల్లో వాడుకున్నాను.

"కూలోళ్ళను మిల్లులకు కుదిర్చే మేస్త్రీలుంటారు, తియ్యగా మాట్లాడ్తారు, దగ్గరికి రానియ్యొద్దు. సత్రంలో పండుకోండి, బాడుగ గది వద్దు" అంటూ ఆయన అక్క వైపు తిరిగాడు. "ఇంగొకటుండాది పాపా. ఆడ పేరు అడుగుతారు. నీ పేరు, నీ మొగుని పేరు. చెప్పేది నేర్చుకోని పో."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను చెప్పేదెందుకు తాతా, ఈ ఉపన్యాసాలాయన పక్కన్నే ఉంటాడు గదా."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఈడ నవ్వచ్చు. రేవులో ఎవరూ నవ్వరు" అన్నాడు.

మా వైపు భార్య భర్త పేరు పలకదు. పలికితే అతని ఆయుష్షు తరుగుతుందంటారు. మా ఇంటాయన, పాప వాళ్ళ నాయన, ఆ మనిషి, ఇలా నూరు దారులు తొక్కుతుంది గాని పేరు గడప దాటదు. ఈ మూఢత్వం మీద నేను ఒక ఉపన్యాసమే ఇచ్చాను, చప్పట్లు కూడా కొట్టారు. మా అక్కతో మాత్రం ఆ ప్రస్తావన ఎప్పుడూ తేలేదు. సంస్కర్తల ఇళ్ళు సాధారణంగా అలాగే ఉంటాయి.

ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు చేరాం, అక్కడ ఓడెక్కాం. మా ఏటిలో ఇసుక తప్ప చూడనివాళ్ళం మేము. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, అందులో ఒక్క గుక్క తాగడానికి పనికిరాదు. అక్క సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. ఊరి నుంచి తెచ్చిన కొర్ర రొట్టెలు బూజు పట్టాక, డెక్కు మీద అందరికీ వడ్డించే అన్నం తెచ్చి ముందు పెట్టాను. ఎవరు వండారని అడుగుతుందేమో అని వాదనంతా సిద్ధం చేసుకున్నాను. ఆమె అడగలేదు. "ఇది తింటే మీ బావకు మిగుల్తాది గదా" అని తినేసింది. మా పక్కన ఒక పెద్దమనిషి కుటుంబం దుప్పట్లు అడ్డం కట్టుకుని, సొంత కుంపటి మీద వండుకుంటూ, ఓడ ఊగినప్పుడల్లా చారు ఒలకబోసుకుంటూ వచ్చింది. రంగూన్ చేరేసరికి వాళ్ళ దగ్గర బొగ్గులు, బియ్యం, ఓపిక మూడూ అయిపోయాయి. మడి ఎంత ఖరీదైన సరుకో చూడాలంటే ఓడెక్కి చూడాలి.

ఇంతవరకూ నాకు భయం లేదు. సాయిబు చెప్పినవన్నీ చేస్తున్నాం, డబ్బు మిగులుతోంది, కుట్టు చెక్కుచెదరలేదు.

రంగూన్ రేవులో దిగిన డెక్కు ప్రయాణికులందర్నీ ఒక పెద్ద రేకుల షెడ్డులోకి తోలారు. డాక్టరు కళ్ళు, నాలుక, టీకా మచ్చ చూసి పంపుతున్నాడు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. భర్త వెంట లేకుండా వచ్చిన ఆడవాళ్ళను మాత్రం చెక్క తలుపున్న ఒక గదిలోకి పంపుతున్నారు. పని ఇప్పిస్తామని ఆశ చూపి ఆడవాళ్ళను ఓడెక్కించి తెచ్చి అమ్మేసే దుర్మార్గులు ఆ రోజుల్లో ఉన్నారు. అందుకని వెంట వచ్చిన మగవాణ్ణి బయట, ఆమెను లోపల నిలబెట్టి ఒకే ప్రశ్నలు వేసేవాళ్ళు. జవాబులు కలిస్తేనే వదిలేవాళ్ళు. మంచి పద్ధతే. అది మంచి పద్ధతి అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

తెలుగు వచ్చిన గుమాస్తా ఒకడు నా దగ్గరికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. ఆమె ఏమవుతుంది, ఎందుకు వచ్చారు, భర్త ఎక్కడున్నాడు, అతని పేరేమిటి అని అడిగాడు. అన్నీ చెప్పాను. రాసుకుని లోపలికి పోయాడు. నా వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ ఆడవాళ్ళను తీసుకుని వెళ్ళిపోయారు. గుమాస్తా ఎంతకీ రాలేదు. వచ్చాక అతని ముఖం మారిపోయి ఉంది.

"ఆవిడ భర్త పేరు చెప్పడం లేదయ్యా" అన్నాడు.

"చెప్పదండీ. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు."

"అందరూ ఇదే చెబుతారు. అమ్మేవాళ్ళు కూడా ఇదే చెబుతారు."

"ఆమె మా అక్కండీ."

"అది కూడా చెబుతారు."

పక్కన నిలబడ్డ పోలీసును చూపించి, సాయంత్రం దాకా చూస్తామన్నాడు. అప్పటికీ పేరు కలవకపోతే ఆమెను తిరుగు ఓడలో మద్రాసు పంపిస్తారట. నన్ను ఠాణాకు తీసుకుపోతారట.

భయం అజ్ఞానం నుంచి పుడుతుందని నేను సభల్లో చెప్పేవాణ్ణి. ఆ షెడ్డులో నాకు తెలియనిది ఏమీ లేదు. ఎవరు ఏం అడుగుతున్నారో తెలుసు, ఎందుకు అడుగుతున్నారో తెలుసు, అక్క ఎందుకు పలకడం లేదో తెలుసు. అన్నీ తెలిసే భయపడ్డాను. అక్క ఒంటరిగా ఓడలో ఊగుతూ పోతోంది. నేను భాష తెలియని ఊళ్ళో కటకటాల వెనక ఉన్నాను. బావ ఆసుపత్రిలో మా కోసం చూడను కూడా చూడడు, మేము వస్తున్నట్టు అతనికి తెలియదు కదా. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఓడ కూత వినపడినప్పుడల్లా అది అక్కను తీసుకుపోయే ఓడేమో అని ఉలిక్కిపడ్డాను.

అప్పుడు వచ్చాడు మేస్త్రీ. తెల్లటి పంచె, నోట్లో తాంబూలం, చేతిలో గొడుగు.

"ఏవండీ మాస్టారూ, అలా నిలబడిపోయారేంటండీ" అన్నాడు, నన్ను ఎప్పటి నుంచో ఎరిగినవాడిలాగా. "ఆడకూతురు మాటాడటం లేదా? పాపం, భయపడి ఉంటుందండీ. లోపల మనవాడొకడున్నాడు. పేరు కలిసిందని రాయించేస్తాడు. నిమిషం పని."

ఎంతవుతుందని అడిగాను. అతను చెప్పింది నా బనీనులో కుట్టి ఉన్నదానికి ఇంచుమించు సరిపోయింది. మనిషిని చూడగానే లోపల ఎంత ఉందో వాసన పట్టే విద్య ఏదో ఉంటుంది కాబోలు.

"అది ఇచ్చేస్తే మా బావను తీసుకుపోవడానికి టికెట్టుకు ఉండదు."

"దానిదేముందండీ. మా మిల్లులో మీరు ఆర్నెల్లు, అక్కగారు ఆర్నెల్లు చేస్తే టికెట్టు నేనే కొనిపెడతాను. ఎంతమందిని పంపలేదూ."

ఎంతమంది తిరిగిపోయారో అతను చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే స్థితి దాటిపోయాను. సాయిబు మాట గుర్తుంది. అయినా నా చెయ్యి చొక్కా లోపలికి పోయింది, వేళ్ళకు కుట్టు తగిలింది. లాగాను. గంజి పట్టిన పోగు అంత సులువుగా తెగదు. గోటితో పట్టి గుంజితే ఒక కుట్టు టప్పుమంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మేస్త్రీ గొడుగు చంకలో పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.

గుమాస్తా దుర్మార్గుడు కాదు. మేస్త్రీని చూసి ముఖం చిట్లించి, నాతో "నువ్వు ఒక్క మాట మాట్లాడి చూడు, నేను పక్కనే ఉంటాను. పేరు మాత్రం నువ్వు అందించకూడదు" అని చెక్క తలుపు కొంచెం తీశాడు.

అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చెమటకు కుంకుమ కారి ముక్కు దాకా వచ్చింది.

"అక్కా, పేరు చెప్పు."

"చెప్పల్లని నాకు మాత్రం లేదారా? నోరు రాలేదు."

"చెప్తే ఏమయితాది?"

"ఆ మనిషి బాగుంటే చెప్పుదునేమో. మంచం పట్టినోని పేరు ఎట్ల చెప్పల్ల? ఉండే రవ్వంత ఆయుస్సు నా నోటితో నేనే తుంచినట్లయితాది."

"అట్లేం కాదు."

"నీకెట్ల తెలుసు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర నూరు జవాబులున్నాయి. భర్తను పేరు పెట్టి పిలిచే దేశాలు ఎన్నో ఉన్నాయని, అక్కడి మగవాళ్ళు మనకంటే తొందరగా చావడం లేదని, మా వైపు ఎవరూ పేరు పలకకపోయినా ముండమోసినవాళ్ళు వీధికి ఇంతమంది ఎందుకున్నారని, అన్నీ కంఠతా వచ్చు. ఒక్కటీ బయటికి రాలేదు. సాక్ష్యం చూపించమని అడగడం లేదు ఆమె. ఆ మంచం మీది మనిషికి ఏమీ కాదని పూచీ ఉండమంటోంది. నేను ఉండలేకపోయాను.

అక్క చూపు నా చొక్కా దగ్గర ఆగింది. తెగిన పోగు బయటికి వేలాడుతోంది.

"అదేంది? కుట్టు యాల తెంపినావు?"

"బయట ఒక మనిషి... దుడ్లిస్తే నిన్ను బయటికి తెస్తానన్నాడు."

"ఆ దుడ్లా?"

నేను వేలాడే పోగును వేలికి చుట్టుకున్నాను.

అక్క కాసేపు ఆ పోగు వైపే చూసింది. తర్వాత చాలా మెల్లగా, తనతో తాను మాట్లాడుకున్నట్టు అంది. "పేరు చెప్తే పోతాడో లేదో తెల్దు. ఆ దుడ్లిస్తే మాత్రం ఈడ్నే పోతాడు."

గోడ వైపు తిరిగింది. కళ్ళు మూసుకుంది. నిండు బిందె కిందికి దించేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో అంత జాగ్రత్తగా ఆ పేరు పలికింది.

"వినపళ్ళేదమ్మా" అన్నాడు గుమాస్తా.

అక్క అతని వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. మళ్ళీ పలికింది. అతను కాగితం చూసుకుని, "ఇంటిపేరుతో సహా చెప్పాలి" అన్నాడు.

"ఇన్నిసార్లు చెప్పల్లనా నాయనా?" అని అడిగి, ఈసారి గట్టిగా, షెడ్డంతా వినబడేటట్టు చెప్పేసింది. చెప్పి నేల మీద కూలబడింది. గుమాస్తా తల ఊపి కాగితం మీద ముద్ర కొట్టాడు. మేస్త్రీ మరొకరి దగ్గరికి పోయాడు.

ఆసుపత్రి దారి పట్టాం. ఆ ఊళ్ళో వీధులన్నీ సూటిగా ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక వీధి తప్పితే తప్పినట్టు కూడా తెలియదు. ట్రాము పట్టాలు పట్టుకుని నడిచాం. అక్క ముందు, నేను వెనక. ఆమె నడవడం లేదు, దాదాపు పరుగెత్తుతోంది. రిక్షా లాగే మన తెలుగువాడొకడు దారి చూపించి, "ఎక్కండి, తీసుకుపోతా" అంటే, ఆ స్థితిలో కూడా తల అడ్డంగా ఊపింది.

"మెల్లగ పోదాం అక్కా, ఆసుపత్రి యాడికీ పోదు" అన్నాను.

"ఆసుపత్రి పోదు" అంది, వెనక్కి చూడకుండా.

ఒక్క పేరు పలికినంత మాత్రాన మనిషికి ఏమీ కాదని నాకు రూఢిగా తెలుసు. మరి నేను ఎందుకంత వేగంగా నడిచాను? మండే ఎండలో నా చేతులు ఎందుకు చల్లబడ్డాయి? అక్క భయం నాకు అంటుకుంది అని సరిపెట్టుకోవచ్చు. అది నిజం కాదు. తర్కం బుర్రలో ఉంటుంది, భయం అంతకు చాలా ముందే, మా అమ్మ ఒడిలో ఉండగానే ఎముకల్లోకి దిగిపోయింది. మూఢనమ్మకాన్ని వాదనలో గెలవడం తేలిక. అది మన ఒంట్లోనే కాపురం ఉంటుందని ఒప్పుకోవడం కష్టం. ఆ వీధుల్లో నడిచినంతసేపూ నేను నమ్మనిదానికి నేనే వణికాను.

ఆసుపత్రిలో ఒక పొడవాటి గది. రెండు వరుసల మంచాలు. చాలామంది ముఖాలు ఉబ్బి, కళ్ళు పూడుకుపోయి ఉన్నారు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి లేదు. నేను గుమ్మంలో నిలబడి "బావా" అని పిలిచాను. నలుగురైదుగురు తలెత్తారు. తెలుగువాడై పుట్టాక ప్రతివాడూ ఎవరికో బావే కదా. వాళ్ళలో మావాడు లేడు.

వార్డు మనిషి విసుక్కున్నాడు. "పేరు పెట్టి పిలవండి. బతికుంటే పలుకుతాడు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను పేరు పిలిచేలోపే అక్క నన్ను పక్కకు నెట్టింది. "ఇంగ పోయేదేముంది" అని ముందుకు వచ్చి, గది ఆ చివరి దాకా వినబడేటట్టు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.

ఎవరూ పలకలేదు.

మళ్ళీ పిలిచింది. గది నిశ్శబ్దమైపోయింది. మూలుగుతున్నవాళ్ళు కూడా ఆగిపోయి చూశారు. ఎవరూ పలకలేదు.

అక్క గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఏడవలేదు. తన రెండు పెదవుల్నీ చేత్తో గట్టిగా పట్టుకుంది, ఇంకెప్పటికీ తెరవకూడదన్నట్టు. నేను ఆమె వైపు చూడలేక మంచాల మధ్య నడిచాను. ఏం వెతుకుతున్నానో తెలియదు. ఖాళీ మంచం కనబడుతుందేమో అని భయం. చివర్లో గోడ పక్క మంచం మీద ఒక మనిషి, అంత ఉక్కలో, నెత్తి దాకా కంబళి కప్పుకుని ఉన్నాడు. కంబళి వణుకుతోంది. కంబళి కింది నుంచి బయటికి వచ్చిన పాదాలు వాచి మెరుస్తున్నాయి. మంచం కింద మా ఊరి కంచరి చేసిన చెంబు ఉంది.

కంబళి లాగాను. బావ కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించి గొణుగుతున్నాడు.

"నేను ఇప్పుడే రానమ్మా. పాప ఇంగా చిన్నది. పాప పెద్దదయినాక పిలువు, అప్పుడొస్తా. ఇప్పుడు రానమ్మా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అతని జన్మలో అతణ్ణి పేరు పెట్టి పిలిచిన ఆడగొంతు ఒక్కటే, వాళ్ళమ్మది. ఆమె ఎప్పుడో చనిపోయింది. పోయినవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు, పలికితే వెంట తీసుకుపోతారని మా వైపు ఇంకొక నమ్మకం. పరదేశంలో, జబ్బు మంచం మీద, తెలిసిన యాసలో ఆడగొంతు తన పేరు పిలిచేసరికి అతను ఇంకేమనుకుంటాడు? బతకాలని నోరు మూసుకున్నాడు.

"బావా, నేను. అక్క వచ్చింది" అన్నాను.

కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. అక్క అప్పటికే మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇందాక పిల్సింది ఎవురు?" అన్నాడు.

"నేనే."

"నువ్వా? నా పేరు?"

"ఊ. రేవులో గూడా చెప్పినా. శానాసార్లు చెప్పినా."

బావ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "అందుకేనేమో పొద్దున్నుంచి గుండె దడదడ అంటాండాది" అన్నాడు. అక్క ముఖం పాలిపోయింది. వెంటనే అతని ఉబ్బిన ముఖంలో నవ్వు కనిపించింది. "దడ నెల దినాల నుంచి ఉండాదిలే. ఏడవొద్దు."

అప్పుడు ఏడ్చింది అక్క.

డాక్టరు జబ్బు సంగతి చెప్పాడు. నెలల తరబడి తెల్లగా మరపట్టిన బియ్యం తప్ప మరొకటి తినకపోవడం వల్ల వచ్చిందట. మిల్లులో బియ్యం చవగ్గా ఇస్తారు. కూర, పప్పు కొనాలి. బావ అవి మానేసి, అన్నంలో ఉప్పు కలుపుకుని తిని, మిగిలింది ఊరికి పంపాడు. మా వైపు వరన్నం పండగకు తినేది. రోజూ వరికూడు తింటున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాడు పాపం. కొర్రలు, జొన్నలు, సంగటి తిని పెరిగిన ఒళ్ళు పండగ తిండితో కూలిపోయింది. రంగూన్ పోయేవాళ్ళు ఇది మాత్రం గుర్తుంచుకోవాలి. రిక్షా దగ్గర మిగల్చండి, మేస్త్రీ దగ్గర మిగల్చండి, మడి దగ్గర మరీ మిగల్చండి. కంచం దగ్గర మిగల్చకండి. అక్కడ మిగిల్చిన ప్రతి పైసా మళ్ళీ ఆసుపత్రి గుమ్మంలో కట్టాలి.

మందులతో, పప్పుతో, తవుడు కలిపిన గంజితో వాపు కొంత తగ్గాక, మిగిలిన కుట్లు అక్క తన చేత్తోనే విప్పి డబ్బు తీసింది. మూడో టికెట్టు కొన్నాం. తిరుగు ఓడలో అక్క బావ నిద్రపోతున్నప్పుడల్లా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. ఆమె నిద్రపోయినప్పుడు నేను చూసేవాణ్ణి. ఎందుకు చూశావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఊరు చేరాక నాకు మళ్ళీ వాదనా బలం వచ్చింది. "చూసినావా అక్కా, ఏమీ కాలేదు గదా. ఇంగ రోజూ పేరు పెట్టే పిలువు" అన్నాను.

"ఊరికే యాల పిలువల్ల?" అంది. "ఆ పొద్దు అవసరం వచ్చింది, ఖర్చు పెట్టినా. ఇంట్లో కూసోని పారబోస్తారా?"

ఆమెకు నేను జవాబు చెప్పలేని మాటల్లో ఇది రెండోది.

ఇదంతా మొన్న అరుగు మీద ఆ పడుచు జంటకు చెప్పాను. మొగుడు సత్రం సంగతి, తిండి సంగతి మళ్ళీ మళ్ళీ అడిగి గుర్తుపెట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. మా అక్క మజ్జిగ తెచ్చి ఇస్తూ ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"వీడు చెప్పేటివన్నీ ఇనకపోయినా పర్వాలేదు పాపా. పేరు మాత్రం ఈడ్నే పలికి చూసుకోని పో. ఆడ మొదటిసారి పలకల్లంటే గుండె ఆగిపోతాది."

"చెప్తే ఏం గాదా అత్తా?" అంది ఆ పిల్ల, మొగుడికి వినబడకుండా.

అక్క ఇంటి వెనక్కి తల తిప్పింది. అక్కడ మగ్గం గుంటలో బావ పని చేస్తున్నాడు. ఎవరి దగ్గరో దొరికిన నాసి నూలుతో తువ్వాళ్ళు నేస్తున్నాడు. ఆ చప్పుడు అరుగు దాకా వస్తోంది.

"ఇనపడతాండాది గదా?" అంది అక్క.

ఆ పిల్ల చెవి ఒగ్గింది. సరిగ్గా అప్పుడే మగ్గం ఆగిపోయింది.

మజ్జిగ చెంబు అక్క చేతిలోనే ఉండిపోయింది. నేను మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేశాను. ఆ పిల్ల మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. లోపల ఏ చప్పుడూ లేదు. అక్క లేవబోయింది. నేను ఆమెకంటే ముందు లేచాను.

తెగిన పోగు ముడేసుకుని, బావ మళ్ళీ మొదలుపెట్టాడు.